బొమ్మ పడట్లేదంటే ఏ తలుపు మూసుకున్నట్టు?

పోయిన సంక్రాంతికి గుడివాడలో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లేసరికి హాల్లో అందరూ టీవీ చుట్టూ చేరి ఉన్నారు. భోజనాలయ్యాక కొత్త సినిమా చూద్దామని పెట్టుకున్నారట. పోస్టర్ కనిపిస్తోంది, ట్రైలర్ కూడా ఆడుతోంది. సినిమా మీద నొక్కితే మాత్రం "ప్లాన్ కొనండి" అని వస్తోంది. "మొన్ననే కదరా డబ్బు కట్టాం, మళ్లీ కట్టమంటాడేంటి?" అని పెద్దమ్మ. అప్పటికే అన్నయ్య రూటర్ రెండుసార్లు ఆపి వేశాడు. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఇక టీవీ మొత్తాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేసేద్దామని రిమోట్ పట్టుకుని కూర్చున్నాడు.

"పెద్దమ్మా, రీఛార్జ్ ఎవరి నంబరుకి చేయించారు?" అని అడిగాను. "నా నంబరుకే." టీవీలో లాగిన్ అయి ఉన్నది పెదనాన్న నంబరుతో. ఓటీటీ చందా ఆ రీఛార్జ్‌తో పాటు ఉచితంగా వచ్చింది, అంటే అది పెద్దమ్మ నంబరుకే అతుక్కుని ఉంది. పెదనాన్న నంబరు మీద ఉన్నది ఖాళీ ఖాతా. నంబరు మార్చి ఓటీపీ కొట్టగానే బొమ్మ పడింది.

రెండు గంటలు పోయాయి. నిజానికి "ట్రైలర్ ఆడుతోంది" అన్న ఒక్క ముక్కలోనే సగం జవాబు ఉంది. ట్రైలర్ ఆడిందంటే నెట్ వస్తోంది, రూటర్ బాగుంది, యాప్ బాగుంది. చిక్కు ఇంట్లో ఉన్న ఏ వస్తువులోనూ లేదు, ఖాతాలో ఉంది. అందుకే ఎవరైనా ఫోన్ చేసి "ఏమీ రావట్లేదు" అన్నప్పుడు నేను ముందు వైద్యం చెప్పను. ఏది వస్తోంది, ఏది రావట్లేదు అని అడుగుతాను.

ప్లే నొక్కాక ఆ రెండు సెకన్లలో

ప్లే నొక్కగానే యాప్ తన సర్వర్‌కి ఒక టోకెన్ చూపిస్తుంది. మనం లాగిన్ అయినప్పుడు ఇచ్చిన చీటీ అది, దానికీ ఒక గడువుంటుంది. చీటీ చెల్లితే సర్వర్ వరసగా ప్రశ్నలు వేసుకుంటుంది. ఈ ఖాతాకి డబ్బు కట్టి ఉందా? కట్టిన ప్లాన్‌లో ఈ సినిమా ఉందా? ఈ ప్లాన్ మీద టీవీలో చూడొచ్చా, ఫోన్‌లోనేనా? చూసే మనిషి ఏ దేశంలో ఉన్నాడు, అక్కడ ఈ సినిమా చూపించే హక్కు మన దగ్గర ఉందా? ఇదే ఖాతా మీద ఈ క్షణంలో ఇంకెన్ని తెరలు నడుస్తున్నాయి? ప్రొఫైల్ పెద్దవాళ్లదా, పిల్లలదా?

ఇవన్నీ దాటితే యాప్ చేతికి మానిఫెస్ట్ అనే జాబితా వస్తుంది. సినిమా ఒకే ఫైల్‌గా ఉండదు. కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని రకరకాల నాణ్యతల్లో తయారుచేసి పెడతారు. ఏ ముక్క ఎక్కడుందో మానిఫెస్ట్ చెబుతుంది. ఆ ముక్కలన్నిటికీ తాళం వేసి ఉంటుంది. తాళంచెవి కోసం యాప్ లైసెన్స్ సర్వర్ అనే మరో చోటికి వెళ్లి అడగాలి. తాళంచెవి దొరికాక, మన ఊరికి దగ్గర్లో ఉన్న సీడీఎన్ సర్వర్ (సినిమా నకళ్లు దాచి ఉంచే కంప్యూటర్) నుంచి ముక్కలు దిగుతాయి, పరికరంలో తాళం తీసుకుంటాయి, తెర మీదికి వస్తాయి. టీవీకి విడిగా బాక్స్ గానీ ల్యాప్‌టాప్ గానీ తగిలించి ఉంటే మధ్యలో హెచ్‌డీఎంఐ తీగ ఉంటుంది. ఆ తీగ దగ్గరా ఒక కాపలా ఉంది.

ఇన్ని తలుపుల్లో ఏది మూసుకున్నా చాలా యాప్‌లు మనకు చూపించేది ఒకటే మాట: "సమ్‌థింగ్ వెంట్ రాంగ్". నాకు కష్టం కలిగించేది ఇదే. కారణం సర్వర్‌కి తెలుసు. వెబ్ భాషలో 401 అంటే నువ్వెవరో తెలియలేదు, మళ్లీ లాగిన్ అవ్వు అని అర్థం. 403 అంటే నీకు దీనికి అనుమతి లేదు అని. ఆ తేడా యాప్ దాకా వస్తుంది, మన కంటి దాకా రాదు. డబ్బు కట్టినవాళ్లకి ఆ కారణం తెలుసుకునే హక్కు ఉంది. తెలుగు సినిమా అమ్మే యాప్‌లో దాన్ని తెలుగులో తెలుసుకునే హక్కు కూడా ఉంది.

కొన్ని సేవలు కనీసం ఒక కోడ్ ఇస్తాయి. నెట్‌ఫ్లిక్స్‌లో ఎన్‌డబ్ల్యూ-2-5 కనిపిస్తే పరికరం నెట్‌ని అందుకోలేకపోతోందని. ఎం7111-5059 అంటే వీపీఎన్ గానీ ప్రాక్సీ గానీ (మనం ఎక్కడున్నామో దాచి, నెట్‌ని వేరే చోటి గుండా తిప్పేవి) వాడుతున్నట్టు వాళ్లకి అనిపించిందని. రెండిటికీ మందు వేరు. కాబట్టి తెర మీద ఏ కోడ్ వచ్చినా ముందు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. యాప్ మూసి తెరిచాక అది మళ్లీ కనిపిస్తుందన్న నమ్మకం లేదు.

మూడు మార్పులు, ఒక్కోసారి ఒక్కటే

కోడ్ లేకపోయినా తలుపు కనిపెట్టొచ్చు. ఒకదాన్ని మార్చి మిగతావి అలాగే ఉంచాలి, అంతే కిటుకు.

ముందు సినిమాని మార్చండి. అదే టీవీలో, అదే యాప్‌లో ఇంకేదైనా పాత సినిమా పెట్టండి. అది ఆడితే నెట్, లాగిన్, పరికరం అన్నీ సక్రమమే. ఆ ఒక్క సినిమాకే అడ్డం ఉంది. హక్కులు అయిపోయి ఉండొచ్చు, మన ప్లాన్‌లో లేకపోవచ్చు, అద్దెకిచ్చే సినిమా అయి ఉండొచ్చు. ప్రైమ్ వీడియోలో కనిపించేవన్నీ ప్రైమ్ సభ్యత్వంలోకి రావు. కొన్నిటికి విడిగా అద్దె కట్టాలి, కొన్ని వేరే చానెళ్ల చందాతో వస్తాయి. ప్రొఫైల్ మీద వయసు హద్దు కూడా చూసుకోవాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం మన దేశంలో ఓటీటీలు ప్రతిదానికీ యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని వయసు ముద్ర వేయాలి. యూ/ఏ 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రుల తాళం పెట్టుకునే వీలు ఇవ్వాలి. పిల్లల ప్రొఫైల్‌లో వెతికితే పెద్దల సినిమా అసలు కనపడకపోవచ్చు కూడా. "నిన్న ఉంది, ఇవాళ తీసేశారు" అని నాకు చెప్పినవాళ్లలో ఇద్దరు మనవడి ప్రొఫైల్‌లో ఉండి వెతికినవాళ్లే.

రెండోసారి పరికరాన్ని మార్చండి. అదే వైఫై మీద ఫోన్‌లో పెట్టి చూడండి. ఫోన్‌లో ఆడి టీవీలో ఆడకపోతే చిక్కు టీవీలో గానీ, టీవీని ఒప్పుకోని ప్లాన్‌లో గానీ ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2019 జూలైలో మన దేశం కోసం తెచ్చిన మొబైల్ ప్లాన్ ఫోన్‌కీ టాబ్లెట్‌కీ పరిమితం. దానితో టీవీలో ఎంత ప్రయత్నించినా బొమ్మ పడదు. ఇలాంటి మొబైల్ ప్లాన్లు వేరే ఓటీటీల్లోనూ ఉన్నాయి, టెలికాం ప్యాక్‌లతో ఉచితంగా వచ్చేవి తరచుగా ఆ రకమే.

మూడోది నెట్‌ని మార్చడం. టీవీని వైఫై నుంచి తప్పించి ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. అక్కడ ఆడితే ఇంటి ఇంటర్నెట్ వైపు చూడాలి: రూటర్, దాని డీఎన్ఎస్ అమరిక (సైట్ పేరుని బట్టి దాని చిరునామా వెతికిపెట్టేది), లేదా మీ నెట్ సంస్థ ఇచ్చిన ఐపీ చిరునామా (నెట్‌లో మీ ఇంటిని గుర్తించే నంబరు).

పది నిమిషాల పని ఇది. ఏదీ చెరపాల్సిన పని లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఈ ఆధారాలన్నీ పోతాయి, పైగా అన్ని యాప్‌లలో మళ్లీ లాగిన్ అవ్వాల్సిన పని నెత్తిన పడుతుంది.

డబ్బు కట్టాను, అయినా కట్టలేదంటోంది

మన దేశంలో ఈ చిక్కు వెనక చాలాసార్లు ఉండేది ఆటో డెబిట్. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 2021 అక్టోబర్ 1 నుంచి కార్డు మీద నెలనెలా కోసుకునే డబ్బుకి మనం ముందుగా ఒక అనుమతి నమోదు చేసి ఉండాలి. కోతకి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మనకి సందేశం పంపాలి. అప్పట్లో 5,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అడగాలన్నారు, 2022 జూన్‌లో ఆ హద్దుని 15,000 చేశారు. మన డబ్బుకి రక్షణగా పెట్టిన మంచి నిబంధన ఇది. అమల్లోకి వచ్చిన కొత్తలో మాత్రం బ్యాంకులో నమోదు కాని పాత చందాలు చాలా ఆగిపోయాయి. కార్డు గడువు అయిపోయి కొత్త కార్డు వచ్చినప్పుడూ, పాత బ్యాంకు ఖాతాకి కట్టిన యూపీఐ ఆటోపే అలాగే వదిలేసినప్పుడూ ఇప్పటికీ ఇదే జరుగుతుంది. కోత పడక చందా ఆగుతుంది. యాప్ పంపిన మెయిల్ ప్రమోషన్ల గుట్టలో కలిసిపోతుంది.

రెండో రకం మా పెద్దమ్మ ఇంట్లో చూసింది. ఒకే ఇంట్లో రెండు మూడు నంబర్లు, ఒక్కో నంబరుకి ఒక్కో ఖాతా. ఓటీపీతో లాగిన్ అయ్యే యాప్‌లో ఏ నంబరు కొట్టినా ఏదో ఒక ఖాతా తెరుచుకుంటుంది. లేకపోతే అప్పటికప్పుడు కొత్తది పుడుతుంది. పాస్‌వర్డ్ ఉండే రోజుల్లో తప్పు ఖాతా అయితే "తప్పు" అని చెప్పేది, ఇప్పుడు ఆ హెచ్చరిక లేదు. కాబట్టి సెట్టింగ్స్‌లో "మై అకౌంట్" తెరిచి, అక్కడున్న నంబరు గానీ మెయిల్ గానీ డబ్బు కట్టినదేనా అని కళ్లారా చూడాలి. ప్లే స్టోర్ ద్వారానో యాపిల్ ద్వారానో కట్టి ఉంటే మరో మెలిక ఉంది: ఆ చందా రద్దు, పునరుద్ధరణ అన్నీ ఆ స్టోర్‌లోనే జరుగుతాయి, ఓటీటీ వాళ్ల సైట్‌లో దాని ఊసే ఉండకపోవచ్చు. యాప్‌లో "రీస్టోర్ పర్చేజ్" అనే మీట ఉంటే అది ఈ చిక్కు కోసం పెట్టిందే.

టెలికాం ప్యాక్‌తో వచ్చిన చందాకి ఇంకో షరతు: రీఛార్జ్ గడువు తీరిన రోజున అదీ తీరుతుంది. కొన్ని ప్యాక్‌లలో ఓటీటీని మనమే టెలికాం యాప్‌లోకి వెళ్లి తెరిపించుకోవాలి. రీఛార్జ్ చేసినంత మాత్రాన దానంతట అది మొదలవ్వదు. 2025 ఫిబ్రవరి 14న జియో సినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి జియో హాట్‌స్టార్ అయ్యాక ఫోన్‌లో పాత గుర్తు కోసం వెతుక్కున్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. యాప్ పేరు మారినప్పుడు పాత ఖాతా ఏ నంబరు మీద ఉందో ఆ నంబరుతోనే కొత్తదాంట్లోకి వెళ్లాలి.

మీ దేశంలో లేదు అంటే

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల దగ్గర్నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. సినిమా హక్కుల్ని దేశాల వారీగా, భాషల వారీగా విడగొట్టి అమ్ముతారు. ఆర్ఆర్ఆర్ గుర్తుంది కదా, 2022 మే 20న హిందీ ప్రతి నెట్‌ఫ్లిక్స్‌లోకి, తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రతులు జీ5లోకి వచ్చాయి. నెట్‌ఫ్లిక్స్ తెరిచి తెలుగు ఆడియో కోసం వెతికినవాళ్లకి యాప్ చెడిపోయిందేమో అనిపించి ఉంటుంది. చెడింది ఏమీ లేదు, ఆ హక్కు వాళ్ల దగ్గర లేదు. ఇండియాలో ఒక సేవ కొన్న సినిమాని అమెరికాలో మరో సేవ చూపించొచ్చు, అసలు ఎవరూ చూపించకపోవచ్చు. క్రికెట్‌కీ ఇదే లెక్క.

ఇక్కడ చందా కట్టి దుబాయ్‌కో డల్లాస్‌కో వెళ్తే ఇక్కడి జాబితా వెంట రాదు. యూరోపియన్ యూనియన్‌లో 2018 ఏప్రిల్ 1 నుంచి ఒక చట్టం ఉంది. ఒక సభ్యదేశంలో చందా కట్టినవాళ్లు తాత్కాలికంగా మరో సభ్యదేశానికి వెళ్తే తమ ఇంటి జాబితాని అక్కడా చూసుకోవచ్చు. మనకి అలాంటి వెసులుబాటు లేదు. ప్రయాణం ముందు డౌన్‌లోడ్ చేసుకున్నవి కొన్ని పనిచేస్తాయి, కొన్ని విమానం దిగాక మొరాయిస్తాయి.

విచిత్రమైన రకం ఇంకోటుంది. మనిషి విజయవాడలోనే ఉంటాడు, యాప్ మాత్రం "మీ దేశంలో ఈ సేవ లేదు" అంటుంది. వీపీఎన్ కూడా ఉండదు. మనం ఏ దేశంలో ఉన్నామో సేవలు ముఖ్యంగా ఐపీ చిరునామాని బట్టి తెలుసుకుంటాయి. పాత ఐపీవీ4 పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు. ఆసియా పసిఫిక్‌కి పంచే సంస్థ ఏపీనిక్ దగ్గర 2011 ఏప్రిల్‌కే నిల్వ అడుగంటింది. ఆ తర్వాత చిన్న నెట్ సంస్థలు రెండు దారులు పట్టాయి. ఒకే చిరునామాని వందల ఇళ్లకి పంచడం, లేదా వేరే దేశపు సంస్థల దగ్గర చిరునామాల కట్టలు కొనుక్కోవడం. కొన్న కట్ట నిన్నటిదాకా ఇంకో ఖండంలో ఉంటే, చిరునామాల పటాలు తయారుచేసే సంస్థల రికార్డుల్లో కొన్నాళ్లు అలాగే ఉండిపోతుంది. విజయవాడ ఇల్లు ఆ పటంలో ఇంకెక్కడో కనిపిస్తుంది. పంచుకున్న చిరునామాలో ఎవరో ఒకరు వీపీఎన్ లాంటిది నడిపితే, ఆ మచ్చ మిగతా ఇళ్లన్నిటికీ అంటుకోవచ్చు.

హాట్‌స్పాట్ మీద ఆడి ఇంటి వైఫై మీద "మీ దేశంలో లేదు" అని వస్తే దాదాపుగా ఇదే. దీన్ని మనం సరిచేయలేం. నెట్ సంస్థకి ఫోన్ చేసి "నా ఐపీ వేరే దేశంలో చూపిస్తోంది, జియోలొకేషన్ సరిచేయించండి, అప్పటిదాకా వేరే ఐపీ ఇవ్వండి" అని ఆ మాటల్లోనే అడగాలి. "ఓటీటీ రావట్లేదు" అంటే "ఓటీటీ వాళ్లని అడగండి" అని పెట్టేస్తారు.

వీపీఎన్ వాడేవాళ్లకి ఒక మాట. ఆఫీసు పని కోసం పెట్టిన వీపీఎన్ అయినా, ప్రకటనలు రాకుండా పెట్టుకున్న ప్రైవేట్ డీఎన్ఎస్ అయినా ముందు ఆపి చూడండి. నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో అడుగుపెట్టిన 2016 జనవరిలోనే ప్రాక్సీల మీద కట్టడి పెంచుతున్నట్టు ప్రకటించింది, మిగతావాళ్లూ అదే బాట పట్టారు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంది. ఎప్పుడో పెట్టి మర్చిపోయి ఉంటారు.

శబ్దం వస్తోంది, బొమ్మ నల్లగా ఉంది

ఇది విన్నానంటే నాకు సగం ఊపిరి వచ్చినట్టే, ఎందుకంటే తలుపు వెంటనే తెలిసిపోతుంది. ఖాతా బాగుంది, నెట్ బాగుంది. ఆగింది డీఆర్ఎం దగ్గర, అంటే కాపీ కొట్టకుండా సినిమాకి వేసే తాళం దగ్గర.

సినిమా ముక్కల మీద తాళం ఉంటుందన్నాను కదా, ఆ తాళాల తయారీదారులు ముఖ్యంగా ముగ్గురు. ఆండ్రాయిడ్, క్రోమ్‌లలో గూగుల్ వారి వైడ్‌వైన్, యాపిల్ పరికరాల్లో ఫెయిర్‌ప్లే, విండోస్ వైపూ చాలా టీవీల్లోనూ మైక్రోసాఫ్ట్ ప్లేరెడీ. బ్రౌజర్‌లో ఈ తాళాలు పనిచేసేందుకు కావాల్సిన ప్రమాణాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2017 సెప్టెంబర్‌లో ఆమోదించింది. దాని మీద ఆ సంస్థలోనే పెద్ద గొడవ జరిగి, డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్ఎఫ్ నిరసనగా సభ్యత్వం వదులుకుంది. చూసేవాడి పరికరంలో చూసేవాడికే తెలియని గది కట్టడం సరికాదన్న దిగులు అది. నిర్మాతల వైపు దిగులూ నాకు అర్థమవుతుంది. విడుదలైన రోజే పైరసీ ప్రతి వాట్సాప్‌లో తిరిగే పరిశ్రమ మనది.

వైడ్‌వైన్‌లో మూడు స్థాయిలున్నాయి. ఎల్1లో తాళం తీయడం, బొమ్మ విప్పడం రెండూ ప్రాసెసర్‌లోని రహస్య గదిలో జరుగుతాయి, మామూలు యాప్‌లకి అక్కడికి ప్రవేశం లేదు. ఎల్3లో అంతా మామూలు సాఫ్ట్‌వేర్‌లోనే. ఎల్2 అరుదు. పెద్ద సేవలు ఎల్1 ఉంటేనే హెచ్‌డీ ఇస్తాయి, ఎల్3 అయితే సాధారణంగా 480 లేదా 540 లైన్ల దగ్గర ఆపేస్తాయి. 4కే తెర ఉన్న చవక ఆండ్రాయిడ్ బాక్సులో బొమ్మ మసకగా కనిపించడానికి తరచుగా కారణం ఇదే. నెట్ వేగం పెంచుకుంటే అది మారదు.

ఎల్1 తాళంచెవిని మామూలుగా ఫ్యాక్టరీలోనే ఫోన్‌లో పెడతారు. ఇది ఎంత గట్టి వ్యవహారమో 2018లో వన్‌ప్లస్ 5, 5టీ కొన్నవాళ్లకి తెలిసింది. ఆ ఫోన్లు ఎల్3తో వచ్చాయి. ఎల్1 కావాలంటే మామూలు అప్‌డేట్‌తో కుదరలేదు, ఫోన్‌ని కంపెనీకి పంపించాల్సి వచ్చింది. మీ ఫోన్ ఏ స్థాయిలో ఉందో నెట్‌ఫ్లిక్స్ యాప్‌లోని ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ పేజీలో గానీ, ప్లే స్టోర్‌లో దొరికే డీఆర్ఎం ఇన్ఫో లాంటి ఉచిత యాప్‌లో గానీ చూడొచ్చు. బూట్‌లోడర్ తెరిచి కస్టమ్ రామ్ వేసుకున్న (కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి బయటిది ఎక్కించుకున్న) ఫోన్లు చాలావరకు ఎల్1 నుంచి ఎల్3కి జారిపోతాయి. అక్కడ యాప్ ఎన్నిసార్లు తీసి ఎక్కించినా లాభం లేదు.

నల్ల తెరకి రావాలంటే తీగ దగ్గరికి వెళ్లాలి. హెచ్‌డీఎంఐ గుండా వెళ్లే బొమ్మకి హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది. ఇంటెల్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. పంపేదీ, అందుకునేదీ, మధ్యలో ఉన్న ప్రతి పరికరమూ దానికి ఒప్పుకోవాలి, 4కే అయితే హెచ్‌డీసీపీ 2.2కి. ల్యాప్‌టాప్ నుంచి పాత ప్రొజెక్టర్‌కి కలిపినా, ఒకే బొమ్మని రెండు టీవీలకి పంచే చవక స్ప్లిటర్ మధ్యలో పెట్టినా గొలుసు తెగుతుంది. బొమ్మ నలుపు, మాటలు మాత్రం వినిపిస్తాయి. కొన్నిసార్లు నాణ్యత తగ్గించి ఆడిస్తుంది. పరీక్ష సులువు: మధ్యలో ఉన్నవన్నీ తీసేసి ఒకే తీగతో నేరుగా టీవీకి కలపండి.

ఫోన్ తెరని టీవీ మీదికి స్క్రీన్ మిర్రరింగ్ చేసినప్పుడూ ఇదే నలుపు. యాప్ దాన్ని రికార్డింగ్‌లాగే చూస్తుంది. దాని బదులు యాప్‌లోనే ఉండే కాస్ట్ గుర్తుని నొక్కితే టీవీ నేరుగా సర్వర్‌ నుంచి బొమ్మ తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్‌లా మాత్రమే పనిచేస్తుంది. ఆ గుర్తు యాప్‌లో లేదంటే ఆ సేవ గానీ మీ ప్లాన్ గానీ ఒప్పుకోవట్లేదని. కంప్యూటర్‌లో నల్ల తెర వస్తే, వెనకాల నడుస్తున్న స్క్రీన్ రికార్డర్, జూమ్ షేరింగ్ లాంటివి మూసి, మరో బ్రౌజర్‌లో చూడండి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ మార్చినా కొన్నిసార్లు తేడా తెలుస్తుంది.

గడియారం, గడువు తీరిన పత్రం

టీవీలో తేదీ తప్పుగా ఉంటే ఏ యాప్ కూడా సర్వర్‌ని నమ్మదు. సర్వర్ తన గుర్తింపుగా చూపించే ధ్రువపత్రానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని గడువు ఉంటుంది. టీవీ లెక్కలో ఇవాళ ఇంకా 2015 అయితే ఆ పత్రం ఇంకా పుట్టలేదన్నమాట. చాలా టీవీలు కరెంటు వచ్చాక సమయాన్ని నెట్ నుంచి తెచ్చుకుంటాయి. ఆ అమరిక ఆటోమేటిక్‌లో లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోవచ్చు. అన్ని యాప్‌లూ ఒకేసారి మొరాయిస్తే నేను మొట్టమొదట చూపించమనేది టీవీ తేదీనే.

మన తప్పు ఏమీ లేకుండా కూడా ఇది జరుగుతుంది. 2025 మార్చి 9న ప్రపంచమంతటా, టీవీకీ స్పీకర్లకీ తగిలించే గూగుల్ పరికరాలైన రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ఉన్నట్టుండి "నమ్మదగని పరికరం" అని చెప్పి ఆగిపోయాయి. 2015లో వచ్చిన ఆ పరికరాల గుర్తింపు వెనక ఉన్న ఒక ధ్రువపత్రానికి పదేళ్ల గడువు ఆ రోజుతో తీరింది. కొద్ది రోజుల్లోనే గూగుల్ అప్‌డేట్ పంపింది, చాలా ఇళ్లలో పరికరం దానంతట అదే కోలుకుంది. ఈలోగా గూగుల్ అందరికీ చెప్పిన మాట ఒకటే: ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి. అప్పటికే చేసేసినవాళ్లు పరికరాన్ని మళ్లీ కలుపుకోలేక ఇంకొన్నాళ్లు ఆగాల్సి వచ్చింది. అన్నయ్య చేతిలోంచి రిమోట్ తీసుకున్నప్పుడు నా మనసులో మెదిలింది ఈ సంగతే.

పాత టీవీలది వేరే కథ. 2019 డిసెంబర్ 1 నుంచి 2010, 2011 నాటి కొన్ని సామ్‌సంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. తెర బాగానే ఉంటుంది, లోపలి సాఫ్ట్‌వేర్ కొత్త తాళాలకి సరిపోదు. అలాంటప్పుడు టీవీ మార్చక్కర్లేదు, ఓటీటీ యాప్‌లు నడిపే మంచి స్టిక్ ఒకటి తగిలిస్తే చాలు. కొనేముందు వైడ్‌వైన్ ఎల్1 ఉందా, మీ ఓటీటీ దాన్ని ఒప్పుకుంటుందా అని అడగండి.

తెరలు మించాయి అన్నప్పుడు

పిల్లలు హైదరాబాద్‌లో, అమ్మానాన్న ఊళ్లో, ఖాతా ఒకటే. ఆడుతున్నంతసేపూ యాప్ "నేనింకా ఉన్నాను" అని సర్వర్‌కి కొద్ది సేపటికోసారి సంకేతం పంపుతుంది. సినిమా సరిగ్గా ఆపి బయటికి వస్తే వెంటనే ఆ చోటు ఖాళీ అవుతుంది. గోడ స్విచ్ ఆపేస్తే ఆ వీడ్కోలు వెళ్లదు, కాసేపు సర్వర్ లెక్కలో ఆ తెర ఇంకా నడుస్తున్నట్టే. కొన్ని నిమిషాలు ఆగితే సరిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే ఖాతాలోకి వెళ్లి "అన్ని పరికరాల నుంచి లాగ్అవుట్" చేసి పాస్‌వర్డ్ మార్చండి. నెట్‌ఫ్లిక్స్ 2023 జూలైలో మన దేశంలో ఒక ఖాతా ఒకే ఇంటికి అని నియమం పెట్టింది, అక్కడ తెరల లెక్కతో పాటు ఇంటి లెక్కా చూడాలి.

మ్యాచ్ రోజుల్లో వచ్చేది మరో రకం. 2023 నవంబర్ 19న ప్రపంచకప్ ఫైనల్‌ని డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. అంతమంది ఒక్కసారిగా తలుపు తట్టినప్పుడు లాగిన్ దగ్గర ఇరుకు పడుతుంది. అందుకే టాస్ వేళకే లాగిన్ అయి ఉండాలి. మధ్యలో లాగ్అవుట్ అయితే మళ్లీ ఓటీపీ కోసం వరసలో నిలబడాల్సి రావొచ్చు.

గుండ్రంగా తిరుగుతూ ఆగి ఆగి ఆడటాన్ని ఈ తలుపులతో కలపొద్దు. అనుమతి దొరికింది, ముక్కలే ఆలస్యంగా వస్తున్నాయి. నెట్‌ఫ్లిక్స్ లెక్కలో 720పీకి 3 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కేకి 15 ఉంటే చాలు. వాళ్లే నడిపే ఫాస్ట్ డాట్ కామ్‌లో చూస్తే వాళ్ల సర్వర్ల నుంచి మీ ఇంటిదాకా ఎంత వేగం వస్తోందో తెలుస్తుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో కూడా రెండు గోడల అవతల ఉన్న టీవీకి వైఫై సరిగ్గా అందకపోవచ్చు. ఒక ఈథర్నెట్ తీగ లాగితే తేలిపోతుంది.

డౌన్‌లోడ్ చేసిన సినిమాకీ తాళంచెవి గడువు ఉంటుంది. చాలాచోట్ల చూడటం మొదలుపెట్టాక 48 గంటలు. రైలెక్కే ముందు ఇంట్లో వైఫై మీదే ఒకసారి యాప్ తెరిచి గడువు చూసుకోవాలి. తీరిపోయి ఉంటే అక్కడే పునరుద్ధరించుకోవచ్చు.

ఫోన్ చేయాల్సి వస్తే

ఇంత చూసినా తేలకపోతే ఓటీటీ వాళ్లనే అడగాలి. "రావట్లేదు" అని చెప్పొద్దు. ఏ సినిమా, ఏ పరికరం, యాప్ వెర్షన్, తెర మీది కోడ్, ఎన్ని గంటలకి, ఏ నెట్ మీద, హాట్‌స్పాట్ మీద ఆడిందా లేదా. ఈ ఆరేడు ముక్కలు మొదటి మెయిల్‌లోనే రాస్తే "యాప్ రీఇన్‌స్టాల్ చేయండి" అనే మొదటి జవాబుని దాటి అసలు మనిషి దగ్గరికి వెళ్తుంది. డబ్బు కోసి సేవ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

కస్టమర్ కేర్ నంబరు కోసం మాత్రం సెర్చ్‌లో వెతక్కండి. ఆ పేజీల్లో మోసగాళ్ల నంబర్లు ఉంటాయి. యాప్ లోపలున్న హెల్ప్ పేజీ నుంచే వెళ్లాలి. చందా సరిచేస్తామని ఓటీపీ అడిగినా, ఫోన్‌లో స్క్రీన్ షేరింగ్ యాప్ ఎక్కించమన్నా వెంటనే పెట్టేయండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పెద్దమ్మ ఫోన్‌లో ఆ రెండు నంబర్లూ ఆ సాయంత్రమే పెట్టి, టీవీ వెనక ఒక కాగితం అంటించి వచ్చాను. దాని మీద ఏ ఓటీటీ ఎవరి నంబరు మీద ఉందో రాసి ఉంది.